తెగని మూడో వంతు

సూరీడమ్మని ఒక ముసిల్ది. నా అనే మనిషి ఎవులూ నేరు. బోనోళ్లనే అన్నదమ్ముల ఎకరం సెక్కలో, నడిమధ్యన పాకేసుకుని ఉండేదంట. ఏసుకోమన్నది బోనోళ్ల తండ్రే. ఆయన మంచాన పడితే ఈవిడే అన్నీ సేసింది మరి. ఆయన పోయాడు. దినవారాలయ్యాయో నేదో, ముగ్గురు కొడుకుల్లో పెద్దోడు, గవిరేసని, వొచ్చి, పొలం పంచుకుంటన్నాం అత్తా, రాళ్లు పాతిన రోజున నీ పాక పీకెయ్యాల అన్నాడంట. మరి నానెక్కడికెళ్తాన్రా అంటే, మాకేటి తెలుసు అన్నాడంట. ఆ ముసిల్ది ఆ పూట ముద్ద ముట్టనేదు.

ఆ ఊళ్లో ఒక కట్టుబాటుంది. పొలం లెక్కేసి పంచిన కరణం మట్టి ముట్టుకుని 'శేషం లేదు' అనాల. అంటేనే రాయి పాతాల. అనకుండా పాతితే ఆ నేల పండదని ఆళ్ల నమ్మకం. కరణం కామేశం పంతులు వొచ్చాడు. ఏమైందంటే, పాక ముందు కాసేపు నిలబడ్డాడంట. ముసిల్దాన్ని సూసాడు. కాయితం తీసి, 'ఒరే గవిరేసూ, కొత్త పద్ధతిరా. వంతులు చెల్లవు, సెంట్లల్లో పాయింటు పెట్టి రాయాలి' అన్నాడు. ఎకరానికి వంద సెంట్లనుకో. తలా ముప్పై మూడు, ఒక సెంటు మిగిలింది. పాయింటు పెట్టి దాన్ని పది ముక్కలు సేసాడు. తలా మూడు, ఒకటి మిగిలింది. ఆ ఒక్కటీ మళ్లీ పది సేసాడు. తలా మూడు, మళ్లీ ఒకటి. పొద్దు వాలిపోయింది. 'శేషముందిరా' అని లేచాడంట. ఆ కాస్తా నాకిచ్చెయ్యండి అన్నాడు గవిరేసు. నీకెందుకివ్వాల అన్నారు తమ్ముళ్లు. అక్కడితో ఆగింది.

ప్రతేడూ దుక్కులకి ముందు ఎళ్లి అడిగేవోళ్లంట, తెగిందా పంతులుగారూ అని. 'ఇంకా లేదురా. మూడొచ్చింది, ఒకటి మిగిలింది.' ఇలా పదకొండేళ్లు. రాయి పాతనేదు, పాక పీకనేదు. సూరీడమ్మ ఆ పాకలోనే, తన సాప మీదే కన్ను మూసింది. ఆ మరసటేడు పంతులూ పోయాడు.

కొత్త కరణం వొచ్చి పాత పుస్తకాలు తిరగేసాడంట. బోనోళ్ల లెక్క తీస్తే పేజీల నిండా మూళ్లే. పక్క పేజీలో, ఆ యేడే, ఆ నెల్లోనే, పై ఊరి అన్నదమ్ములు ముగ్గురికి పంచిన పొలం ఉంది. అక్కడ తలా మూడో వంతని ఒక్క ముక్కలో రాసి, శేషం లేదని సంతకం పెట్టేసున్నాడంట పంతులు.

మీరంటారు, పంతులు మోసం సేసాడని. ఆ పేజీల్లో ఒక్క అంకె తప్పని సూపించండి, నానూ ఒప్పుకుంటాను.