కట్ చెప్తేనే లేచేవాడు

కోదండరామయ్య గారు మాట మొదలుపెడితే చిలకలపూడిలో ఎవరూ గడియారం చూడరు, చూసినా లాభం లేదు కాబట్టి. గిల్టు నగల పని చేసిన చెయ్యి కదా, ఏ చిన్న సంగతి దొరికినా తీగలా సాగదీసి, దాని మీద పూత పూసి గానీ వదలరు. ఆ సంగతి నితిన్‌కి చిన్నప్పటి నుంచీ తెలుసు. అందుకే ఆ మధ్యాహ్నం ఆయన ప్లాస్టిక్ కుర్చీ ఒకటి వరండా మధ్యకి లాక్కుని, కండువాతో మెడ తుడుచుకుని, "అసలు మీకెవరికీ మా శ్యాంబాబు సంగతి తెలీదర్రా" అనగానే నితిన్‌కి ఉన్న నీరసం రెండింతలైంది.

నితిన్ వాళ్ళ నాన్న శ్యాంబాబు పోయి మూడో రోజు. సమాధి కార్యక్రమం అయిపోయింది. కోడూరు నుంచీ గుడివాడ నుంచీ వచ్చిన చుట్టాల్లో సగం మంది బస్సులెక్కేశారు, మిగిలినవాళ్ళు ఎక్కడ ఫ్యానుంటే అక్కడ ఒరిగారు. రేపు సాయంత్రం జ్ఞాపకార్థ కూడిక. గేటుకి కట్టే ఫ్లెక్సీలో ఏం రాయాలో తేల్చమని బందరు షాపతను పొద్దుటి నుంచీ ఫోను మీద ఫోను చేస్తున్నాడు. ఫోటో పంపించారు. 'ప్రభువునందు నిద్రించిన' అన్నారు, పేరు చెప్పారు. పేరు కింద ఏం పెట్టాలన్న దగ్గర ఆగిపోయింది.

'సినీ నటుడు' అని పెట్టి తీరాలంటారు కోదండరామయ్య గారు. వద్దంటాడు నితిన్.

"ఏ సినిమాలో అని అడుగుతారు మావయ్యా. స్కూల్లో చదివినన్నాళ్ళూ అడిగారు నన్ను, సిగ్గుతో చచ్చేవాణ్ణి. ఇప్పుడు గేటుకి కట్టి మరీ అడిగించుకోమంటారా?"

అతని బాధ అతనిది. శ్యాంబాబు సినిమాల్లో శవం వేసేవాడు. మద్రాసులో కొన్నేళ్ళు, హైదరాబాదులో కొన్నేళ్ళు, పని లేనప్పుడు ఇక్కడికొచ్చి కోదండరామయ్య గారి దుకాణంలో గాజులకి మెరుగు పెట్టేవాడు. శవమంటే బోర్లా పడి ఉంటుంది, లేకపోతే గుడ్డ కప్పి ఉంటుంది. అంత కాలం సినిమాల్లో ఉండి ఒక్కసారి కూడా మొహం కనపడని మనిషిని నటుడని ఊరి మీదకి వదిలితే నవ్వరూ?

"నవ్వుతారా? ఎవడు నవ్వుతాడో రమ్మను" అన్నారు కోదండరామయ్య గారు. "ఉన్నదున్నట్టు చెప్తాను. కల్పించి చెప్పడం నాకు చేతకాదు."

"అయ్యో, ఆ ముక్క మాకు తెలీదా బావా" అన్నాడు ఎలీషా, స్తంభానికి చేరగిలబడి. ఎలీషా శ్యాంబాబు తమ్ముడు. వదిన కృపావతికి కోదండరామయ్య గారు అన్నయ్య వరస కాబట్టి ఎలీషాకి ఆయన బావ, బావ కాబట్టి వెక్కిరించే హక్కుంది.

కృపావతి గుమ్మం పక్కన గోడకి ఆనుకుని కూర్చుంది. ఫ్లెక్సీ గొడవ పొద్దుటి నుంచీ ఆవిడ ముందే నడుస్తోంది. ఎటూ చెప్పలేదు.

"మద్రాసురా. ఏదో రాజుల సినిమా, రాజుగారి వడ్డాణం, భుజకీర్తులూ అన్నీ మన సరుకే. పెట్టె మోయడానికి తోడు రారా అంటే వచ్చాడు శ్యాంబాబు. రైల్లో కూర్చోడానికి చోటెక్కడా, తలుపు దగ్గర నిలబడే వెళ్ళాం కదా, స్టూడియోలో చెక్కబల్ల కనపడేసరికి వాలిపోయాడు. అక్కడేమో యుద్ధం సీను, శవాలన్నీ పరిచారు, ఓ శవం తక్కువొచ్చింది. డైరెక్టరు ఇటు చూశాడు, అటు చూశాడు, మావాణ్ణి చూశాడు. 'ఆయన్ని లేపకుండా తెచ్చి అక్కడ వెయ్యండి' అన్నాడు. వేశారు. ఒక్క టేకు! కట్ అన్నాడు డైరెక్టరు, శవాలన్నీ లేచి టీకి పోయాయి, మావాడు లేవడే! నేను చెవి దగ్గరికెళ్ళి 'కట్ అయిందిరా, లే' అంటే అప్పుడు లేచాడు. నిద్రలో యాక్టు చేసిన నటుడు దేశం మొత్తం మీద ఇంకోడుంటే చూపించు."

ఇంతవరకూ నిజమే అయ్యుండొచ్చు. నాన్న కూడా ఇలాగే చెప్పేవాడు. నితిన్ కళ్ళు మండుతున్నాయి, ఎవరైనా మాట్లాడుతూ ఉంటే తను మాట్లాడక్కర్లేదు కదా అని ఊరుకున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? కబురు పాకిపోయింది. మిగతావాళ్ళు శవం వేస్తే కనురెప్ప అదురుతుంది, పొట్ట లేస్తుంది. మనవాడికి అదేం లేదు. ఓసారి ఈగ వచ్చి ముక్కు మీద వాలింది. కదల్లేదు. పెదిమ మీదకి దిగింది. కదల్లేదు. ఈగకి అనుమానం తీరిపోయి, వెళ్ళి వాళ్ళ చుట్టాలందర్నీ పిల్చుకొచ్చింది."

"ఈగ?" అన్నాడు ఎలీషా.

"ఈగే. అదే సినిమాలో హీరోయిన్ వీడి మీద పడి ఏడవాలి. గ్లిజరిన్ పట్టుకొచ్చారు. ఆవిడ వీణ్ణి ఇలా చూసింది, అంతే, గ్లిజరిన్ లేకుండా ఏడుపు అందుకుంది. సీను అయిపోయినా ఆపదు. కారెక్కి ఏడుపు, ఇంటికెళ్ళి ఏడుపు. వాళ్ళమ్మ మర్నాడు స్టూడియోకొచ్చి, 'మా పిల్ల అన్నం తినట్లేదు, ఆ పోయినాయన్ని ఓసారి ఇంటికి పంపండి, చూస్తే గానీ ఊరుకోదు' అంది. వీడు వెళ్ళి కాఫీ తాగొచ్చాడు."

ఎలీషాకి నవ్వొచ్చింది. కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. మూడు రోజులుగా ఆ ఇంట్లో ఎవరూ నవ్వలేదేమో, లోపల పడుకున్నవాళ్ళు కూడా ఒకళ్ళిద్దరు లేచొచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

నితిన్‌కి మాత్రం గుడివాడలో సినిమా హాలు గుర్తొచ్చింది. నాన్న తీసుకెళ్ళాడు, తనకి ఏడో ఎనిమిదో ఏళ్ళు. నాన్న కత్తి తిప్పుతాడని చివరిదాకా ఎదురుచూశాడు. తెర మీద తెల్లగుడ్డ కప్పిన శవం, చివర్న రెండు పాదాలు. "అవి నా కాళ్ళేరా" అని చెవిలో చెప్పాడు నాన్న, ఎంతో సంతోషంగా. తను ఏడుపు మొహం పెట్టాడు. మొన్న ఆస్పత్రిలో దుప్పటి మొహం మీదికి లాగితే అవే పాదాలు బయటపడ్డాయి, బొటనవేలు కంటే పక్కవేలు పొడుగు. ఇది ఇంతకు ముందే చూశాను కదా అనిపించింది నితిన్‌కి, అక్కడ నిలబడలేక బిల్లు సంగతి చూస్తానని బయటికి వచ్చేశాడు. లోపల కోదండరామయ్య గారొక్కరే ఉన్నారు. కాసేపటికి ఆయనా బయటికొచ్చారు, ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన అలా ఊరుకోవడం నితిన్ ఎప్పుడూ చూడలేదు.

ఆ రోజు చొక్కాయే ఇప్పుడూ ఆయన ఒంటి మీద ఉంది. గొంతు కూడా పూర్తిగా బొంగురుపోయింది. నితిన్ భార్య జ్యోతిర్మయి మంచినీళ్ళు తెచ్చిస్తే గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగారు.

"ఇక చాల్లెండి మావయ్యా, కాసేపు పడుకోండి" అన్నాడు నితిన్.

"అసలుది చెప్పకుండా పడుకుంటానా? హంసలదీవి దగ్గర షూటింగు. వీడు శవమై కృష్ణలో తేలుతూ రావాలి. తేలాడు. కెమెరా తిరుగుతోంది. ఇంతలో డైరెక్టరుకి గొంతు పట్టేసింది, కట్ అనడానికి మాట రాదు. కట్ అనందే మనవాడు కదలడు కదా! అలా తేలుకుంటూ తేలుకుంటూ సముద్రంలో కలిశాడు."

"మా అన్నకి ఈతొచ్చు బావా, ఈదుకుంటూ వచ్చేయొచ్చుగా?"

"శవం ఈదితే కంటిన్యుటీ ఏం కావాలి? వాడు వృత్తి తెలిసినవాడురా. పోయాడు, పోయాడు, అండమాన్ దాకా పోయాడు. దార్లో చేపలొచ్చాయి, వాసన చూసి పాపం పెద్దమనిషి అనుకుని దారిచ్చాయి. అదీ కాదు, యమభటులొచ్చారు. పాశం తీశారు."

"మా అన్న దగ్గరికి యమభటులు రావడమేంటి? బాప్తిస్మం తీసుకున్న మనిషి."

"అదే కదరా నే చెప్పేది! పాశం వెయ్యబోతూ మెళ్ళో సిలువ గొలుసు చూశారు. ఆ గొలుసూ మన దుకాణంలోదే. 'అరెరే, ఇది మన ఏరియా కేసు కాదు, అడ్రసు తప్పొచ్చాం' అనుకుని దున్నపోతుని వెనక్కి తిప్పుకుపోయారు. దున్నపోతుకి మాత్రం షూటింగు చూడాలనే ఉంది."

ఈసారి వరండా అంతా నవ్వింది. నితిన్‌కీ నవ్వొచ్చింది, వచ్చినందుకు కోపమూ వచ్చింది. కృపావతి తలెత్తి కోదండరామయ్య గారి వైపు చూసింది. ఆవిడ చూడటం గమనించి ఆయన కుర్చీలో ముందుకి జరిగారు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? పడవలు పంపారు, మైకు పెట్టి అరిచారు, అసిస్టెంటు డైరెక్టర్లందరూ వరసగా నిలబడి కట్ కట్ అని గొంతులు చించుకున్నారు. లేవడే! ఎందుకు లేస్తాడు? మొదటి రోజు లేపింది నేను. వాడికి నా గొంతే అలవాటు. చివరికి ఓ కారు చిలకలపూడి వచ్చింది, నన్ను ఎక్కించుకుపోయారు. హంసలదీవి ఒడ్డున నిలబడి నోటికి ఇలా చేతులు అడ్డం పెట్టి 'కట్' అన్నాను. ఒక్కసారే. అండమాన్లో లేచి కూర్చున్నాడు, నీళ్ళ మీద, మంచం మీద కూర్చున్నట్టు. 'టేకు ఓకేనా కోదండం?' అని అడిగాడు. అదిరా మావాడంటే. ఎంత లోతుకి పోనీ, ఎవరి చేతుల్లోకైనా పోనీ, నేను కట్ అన్నానంటే లేచొచ్చేవాడు. అలాంటోణ్ణి పట్టుకుని నటుడు కాదంటారా మీరు?"

"మరి మొన్న ఆస్పత్రిలో మీరు కట్ చెప్పలేదేం అన్నయ్యగారూ?"

కృపావతి అడిగింది. నిష్ఠూరంగా కాదు, భోంచేశారా అని అడిగినట్టు అడిగింది. వరండాలో నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఎలీషా తల దించుకున్నాడు.

కోదండరామయ్య గారి నోరు తెరుచుకునే ఉంది. కండువా ఒళ్ళోకి తీసుకుని దాని అంచు సరిచేశారు.

"చెప్పానమ్మా" అన్నారు.

ఎలీషా తలెత్తి చూశాడు.

"నర్సమ్మ అటు తిరిగినప్పుడు చెవి దగ్గరికి వంగి చెప్పాను. లేవలేదు. మెల్లగా చెప్పానేమో, వినపడలేదేమో అనుకుని మళ్ళీ చెప్పాను." కండువా మడత మళ్ళీ విప్పారు. "లేవలేదమ్మా."

కృపావతి ఆయన వైపు చూసింది. తర్వాత గోడకి తల ఆనించింది.

"లేవరు లెండి అన్నయ్యగారూ. బాగా అలిసిపోయారు" అంది. "నితిన్, అన్నయ్యగారు చెప్పిన ముక్క రాయించు నాన్నా" అంది.

ఎలీషా లేచి వెళ్ళి బావ భుజం మీద చెయ్యి వేసి, లోపలికి తీసుకెళ్ళి మంచం మీద పడుకోబెట్టాడు. ఆయన అడ్డు చెప్పకుండా వెళ్ళారు. వరండా మధ్యలో కుర్చీ ఖాళీగా ఉంది, దాన్ని పక్కకి జరపడానికి కూడా ఎవరికీ ఓపిక లేదు.

నితిన్ ఫోను మోగింది. షాపతనే.

"తేల్చారా అండీ? పేరు కింద ఏం పెట్టమంటారు?"

"సినీ నటుడు అని పెట్టండి."

"ఓహో, అలాగా అండీ! ఏ సినిమాల్లో చేశారు?"

చిన్నప్పటి నుంచీ భయపడిన ప్రశ్నే. నితిన్ ఈసారి ఆలోచించుకోలేదు.

"చాలా వాటిల్లో చేశారండీ. తెల్లగుడ్డ కింద మొహం కనపడదు గానీ, ఆ కాళ్ళు మా నాన్నవే."