పంపు ఆపేశాక

1986. కాపెల్ అనే ఊళ్లో ఒక గరాజ్. కోడలు సొంతంగా కట్టుకుంటున్న బుల్లి విమానం చక్రాలు ముడుచుకుని జాకీల మీద ఉంది. ముప్పై ఏళ్లు స్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మామగారు పక్కనే నిలబడ్డారు.

"చక్రాలు దించే ఆయిల్ పంప్ ఆఫ్ చేశాను మామయ్యగారూ. గాల్లో ఉండగా ఇది ఫెయిలైతే చక్రాలు దించాల్సింది ఈ అక్యుములేటరే."

"బత్తాయంత కూడా లేదే!"

"పెద్దది పెడితే బరువు. లోపల రబ్బరు పొరకి ఇటు ఆయిల్, అటు నొక్కిపెట్టిన నైట్రోజన్. గ్యాస్ విచ్చుకుని ఆయిల్‌ని తోస్తుంది. ఒక్కసారి దించితే చాలు."

"విచ్చుకునేకొద్దీ బలం తగ్గుతుంది కదమ్మా. ఆఖరి అంగుళానికి మిగులుతుందా?"

"బాయిల్ సూత్రంతోనే సైజు కట్టాను. నిన్న మీరూ సరిచూశారుగా?"

"చూసింది కాగితం మీద. శనివారం ఎగిరేది నువ్వు."

"అందుకే లీవర్ మీరే లాగండి."

ఆయన ఊపిరి బిగబట్టి లాగారు. చక్రాలు మెల్లగా దిగాయి. చివర్లో టక్, టక్, టక్‌మని మూడూ లాక్ అయ్యాయి.

"ఏంటి మామయ్యగారూ, ఇంకా లీవర్ పట్టుకునే ఉన్నారు?"

"ఏటా ఈ సూత్రం బోర్డు మీద రాసేవాణ్ణి. బెల్ కొట్టగానే డస్టరుతో తుడిచేసేవాణ్ణమ్మా. నేను తుడిచేసింది దీన్నా!"