పాప పెట్టిన పేరు

ముక్తేశ్వరంలో మరియమ్మ ఇంటి అరుగు. తన మనవరాలు రత్నమాలని నాలుగేళ్లు వచ్చేదాకా చంకనెత్తుకుని పెంచిన పాత పనిమనిషి మరియమ్మని చూడడానికి, త్రిమూర్తులుగారు రామచంద్రపురం నుంచి పంటెక్కి గోదావరి దాటి వచ్చేరు.

“...పంటు నడిగోదాట్లో ఉందా, ఓ పులస ఎగిరొచ్చి సరిగ్గా నా ఒళ్లో పడింది. పంటువాడు టిక్కెట్టేదన్నాడు. లేదంది. మెడపట్టుకుని నీళ్లలోకి దింపేశాడు.”

“ఆయ్.”

“నవ్వవేంటే మరియమ్మా?”

“మీరూ నవ్వలేదు కదండి పెద్దయ్యగారూ. ఎప్పుడూ నాకంటే ముందు మీరే నవ్వుతారు. పాప ఎలా ఉందండి?”

“దానికేం! మొన్న పనసపండు పండంతా తినేసి, పిక్కలతో మేడ కడతానంది.”

“ఆయ్. అమ్మగారో?”

“పిక్కలు చాల్లేదనుకో...”

“అమ్మగారు ఎలా ఉన్నారండీ?”

“ఈ కొబ్బరిపీచు మీ చెట్లదేనా? తాడు బాగా పేనేవు.”

“పెద్దయ్యగారూ.”

“...పోయిందే. కోడలు పోయింది. కామెర్లు. పెద్దకార్యం కూడా అయిపోయింది.”

“సత్యవేణమ్మగారా? ప్రభువా!”

“ఇంట్లో ఎవరూ ఏడవట్లేదు. వండుతున్నారు, తింటున్నారు. నేనూ అంతే. చెయ్యి ఆపేవేం? పేను.”

“నాకు కబురు పెట్టలేదేమండీ?”

“ఏ మొహం పెట్టుకుని పెట్టనే? ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు నిన్ను పొమ్మంది ఆవిడే కదా. నువ్వేం తప్పు చేసేవో ఆవిడా చెప్పలేదు, నువ్వూ చెప్పలేదు.”

“తప్పేం లేదండి. పాప నిద్దట్లో కూడా అమ్మా అనేది కాదండి. నన్ను పిలిచేదండి. అమ్మగారికి కష్టం వేసిందండి. ఎవరికైనా వేస్తదండి.”

“మరియమ్మ అనడానికి దానికి నోరు తిరిగేదా?”

“లేదండి. ఇంకోటేదో పెట్టుకుంది. పోనివ్వండి. పాప ఏడ్చిందాండి?”

“ఏడుపా! అంత బుద్ధిమంతురాలు జిల్లా మొత్తానికి లేదు. అన్నం తింటావా అంటే ఆయ్. పడుకుంటావా అంటే ఆయ్. మా వీధి వీధంతా మెచ్చుకుంటోంది.”

“మరి తింటుందాండి?”

“తినదు.”

“పడుకుంటుందాండి?”

“పడుకోదు. గుమ్మంలో కూచుంటుంది. అడిగినా ఆయ్, అడక్కపోయినా ఆయ్. అన్నిటికీ ఒప్పుకుంటుంది, ఒక్కటీ చెయ్యదు. పుల్లలా అయిపోయిందే మరియమ్మా. డాక్టరు బెంగ అన్నాడు. బెంగకి మందు లేదన్నాడు.”

“ఎలా అంటుందండి? ఓసారి అనండి.”

“ఎలా ఏంటే?”

“అనండి.”

“ఆ...య్! ఇలాగ. సాగదీసి, వీధి చివరికి వినపడేలాగ.”

“అయ్యో, నా తల్లీ!”

“ఏమే? తాడు అలా వదిలేసి లేచేవేం?”

“ఆఖరి పంటు ఎప్పుడండి?”

“ఇంకా టైముందిలే. దేనికి?”

“పాప ఒప్పుకోవట్లేదండి పెద్దయ్యగారూ. ఏం అడిగినా నేను ఆయ్ అనేదాన్నని, తను నాకు పెట్టిన పేరండి అది.”