షెడ్డులో చెప్పే మాట

టీవీ స్టూడియో. ఆట మొదలవడానికి ఇంకా అరగంట. పెద్ద తెర ముందు ముగ్గురు: యాంకరమ్మ, ముప్ఫై ఏళ్లు ఫుట్‌బాల్ మైదానాన్ని సాకిన పెద్దాయన, కాసేపట్లో దేశం తరఫున కుర్చీలో కూర్చుని ఆడబోయే పిల్ల.

"అది కాదమ్మా, పొద్దున నీళ్లు ఎవరు పట్టారూ అని అడుగుతున్నా."

"దేనికి పెద్దాయనా?"

"గడ్డికి."

"అది గడ్డి కాదండీ. బొమ్మ. కంప్యూటర్లో బొమ్మ. ఇది పదోసారి చెప్పడం."

"బొమ్మే అనుకో. ఇంత పచ్చగా ఉందంటే ఎవరో ఒకరు పట్టే ఉంటారుగా."

"ఎవరూ పట్టలేదు. అక్కడ వాన రాదు, ఎండ కాయదు, పురుగు పట్టదు. మీరు ముందు చెప్పులేసుకోండి, నేల మీద వైర్లున్నాయి."

"మైదానం దగ్గర చెప్పులతో నేనెప్పుడూ నిలబడలేదు యాంకరమ్మా. ఇంతకీ నా చువ్వ ఇప్పించు. కింద గేటు దగ్గర లాగేసుకున్నారు."

"రెండడుగుల ఇనప చువ్వండీ! స్టూడియోలోకి ఎలా రానిస్తారు?"

"అది దింపి చూడకుండా నేల మెత్తగా ఉందో గట్టిగా ఉందో ఎలా చెప్పను?"

"తెరలో దింపుతారా చువ్వ! పెద్దాయనా, మీరు చెయ్యాల్సింది ఒక్కటే. పక్క దేశంతో మ్యాచ్ అంటే ముప్ఫై ఏళ్లూ టీవీలో పిచ్ రిపోర్టు చెప్పింది మీరే. నేల ఎలా ఉంది, బంతి ఎలా దొర్లుతుంది... ఇవాళ కూడా అలాగే రెండు ముక్కలు చెప్పండి. జనానికి అదో సెంటిమెంటు."

"మరి ఆటగాళ్లేరీ? ఇంకా బస్సు రాలేదా?"

"నేనే తాతయ్యా ఆటగాళ్లు."

"నువ్వా? పదకొండు మందీ?"

"పదకొండు మందీ నేనే. అవతల పదకొండు మందీ వాడొక్కడే. వాడు వాళ్ల దేశంలో కూర్చుంటాడు, నేనిక్కడ కూర్చుంటా."

"మరి పరిగెత్తేదెవరు?"

"బొటనవేళ్లు."

"ఓరి నాయనో. కాలు బెణికితే?"

"కాలు బెణకదు. మెడ పట్టేస్తుంది. నవ్వకండి తాతయ్యా, నాకు అన్నం సహించి రెండ్రోజులైంది. వాడి చేతిలో ఇప్పటికి మూడుసార్లు ఓడిపోయా. ఇవాళ కూడా ఓడితే ఇక ఈ జట్టే ఉంచరట. జట్టంటే నేనే కదా. ఇంటికెళ్లి, ఆటలాడి చెడిపోయావని మా నాన్న అన్నప్పుడల్లా తలూపుతూ కూర్చోవాలి."

"వాడంత మొనగాడా?"

"మొనగాడు కాదు, జిత్తులమారి. మన టీవీలో ఒక్క ముక్క వదలడు. పక్కన ఒకణ్ణి పెట్టుకుని మన మాటలన్నీ చెప్పించుకుంటాడు. కిందటిసారి ఈ అక్క అడిగిందని, ఎడమ బొటనవేలు కాస్త నొప్పిగా ఉందని నోరు జారా. ఇంకేముంది, ఆటంతా నన్ను ఎడమ వేలితోనే నొక్కించి చంపాడు."

"నేనేం కావాలని అడిగానా తల్లీ? ఆరోగ్యం ఎలా ఉందని అడిగా."

"ఈసారి నా నోటికి తాళం అక్కా. ఏమడిగినా ‘బాగానే ఉంది’ అంటా, అంతే."

"పిల్లా, ఆ తెర కాస్త తిప్పు. మైదానమంతా చూడాలి నేను."

"చూడండి, చూడ్డానికైతే ఎంతసేపైనా చూడొచ్చు. ఆడటానికి మాత్రం లేదు, మ్యాచ్ దాకా ఆట గదికి తాళం వేసేశారు. ఈ మైదానం ఆటలోకి కొత్తగా వచ్చింది, నాలుగు రోజులే అయింది. మన పాత జాతీయ మైదానమట. కూలగొట్టే ముందు కంపెనీవాళ్లు కొలతలు తీసుకెళ్లారట. నాకైతే అచ్చి రాలేదు. ప్రాక్టీసులో బంతి పోతూ పోతూ ఉన్నట్టుండి చతికిలబడేది. రిమోటు పాడైందేమోనని మూడు రిమోట్లు మార్చా."

"ఎక్కడ చతికిలబడేది?"

"ఏమో, కంగారులో ఎవరు చూశారు?"

"ఆ గడియారం దగ్గరికి తీసుకురా. ఊఁ. ఇప్పుడు ఎదురుగా, గేటు వైపు. ఆగు. ఆగాగు."

"ఏంటి తాతయ్యా?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఆ మొహమేంటి?"

"ఏం లేదన్నాగా. యాంకరమ్మా, ఆ కొలతలవాళ్లు... మూడుకాళ్ల యంత్రం ఒకటి పట్టుకుని వచ్చినవాళ్లేనా?"

"అయ్యుండొచ్చు."

"రెండు రోజులు నా గడ్డి తొక్కారమ్మా! సర్వేవాళ్లనుకుని టీ కూడా పోశా."

"పెద్దాయనా, చెప్పులు! సరే వదిలెయ్యండి, కాళ్లు కనబడవులే. మైకు సరిగా ఉందా? అయిదు, నాలుగు, మూడు... నమస్కారం! ఇంకో పావుగంటలో మన దేశానికీ పొరుగు దేశానికీ తెర మీద సమరం! వానొచ్చినా ఆగని ఆట, ఎందుకంటే ఇందులో వానే లేదు! ఇదిగో, మన ఆటగత్తె. ఎలా ఉన్నావమ్మా?"

"బాగానే ఉన్నా."

"వ్యూహం ఏమైనా..."

"బాగానే ఉంది."

"పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా?"

"బాగానే ఉంది."

"ఆఁ... అలాగా. ఇక మనతో ఉన్నారు, మన జాతీయ మైదానాన్ని కన్నబిడ్డలా చూసుకున్న పెద్దాయన. ఈయన ఉన్న ముప్ఫై ఏళ్లలో పక్క దేశం అక్కడ ఒక్కటంటే ఒక్క మ్యాచ్ గెలవలేదు. ఏంటండీ రహస్యం?"

"గడ్డి మహిమమ్మా."

"అప్పట్లో మీ పిచ్ రిపోర్టు ఆటగాళ్లు కూడా వినేవారా?"

"వాళ్లయితే చెవి కోసుకునేవాళ్లు. హోటలు గదిలో కాగితం, కలం పట్టుకుని టీవీ ముందు కూర్చునేవాళ్లట."

"మరి మనవాళ్లు?"

"మనవాళ్లకి టీవీ చూసే తీరికెక్కడిదీ. ఆట ముందు నా షెడ్డుకొచ్చి టీ తాగి పోయేవాళ్లు."

"సరే, ఇవాళ్టి మైదానం ఎలా ఉందంటారు?"

"ఎలా ఉంటుందమ్మా, నాది కదా. ఆ గడియారం చూడు, ఏడు నిమిషాలు వెనక. ఎన్ని అర్జీలు పెట్టినా బాగుచెయ్యలేదు మహానుభావులు. బొమ్మలో కూడా వెనకే ఉంది. గేటు పక్కన ఆ రేకుల పాక ఉందే, అది నా షెడ్డు. తలుపుకి గొడుగు వేలాడుతోంది చూశావా? నాదే. ఆ రోజు మర్చిపోయి ఇంటికెళ్లా, తడిసి ముద్దయ్యా. ఇప్పుడక్కడ కార్ల షోరూము ఉందమ్మా. మూడేళ్లుగా ఆ వీధి తొక్కలేదు నేను. బస్సు అటు తిరుగుతుందంటే ముందు స్టాపులోనే దిగిపోతా."

"పెద్దాయనా, కళ్లు తుడుచుకోండి."

"ఉండనీ. చచ్చిపోయిందనుకున్నది ఇలా పచ్చగా ఎదురొస్తే ఏడుపు రాదా? వచ్చింది, ఏడుస్తున్నా."

"మరి... మరి బంతి ఎలా దొర్లుతుంది?"

"శుభ్రంగా దొర్లుతుంది. ఒక్కచోట తప్ప."

"ఎక్కడ?"

"తాతయ్యా!"

"అక్కడ పూర్వం బావి ఉండేది. మైదానం వేసేటప్పుడు పూడ్చారు. ఎన్ని బండ్ల మట్టి పోసినా ఏడాది తిరిగేసరికి నాలుగు వేళ్లు దిగేది. పైకి గడ్డి కమ్మేస్తుంది, కంటికి ఆనదు. ఎంత జోరుగా వచ్చిన బంతి అయినా అక్కడ చతికిలబడాల్సిందే. ఈ కంపెనీవాళ్లు రంగులు మార్చారేమో గానీ, కొలత కొలతే కదా. గుంట ఎక్కడికి పోతుంది?"

"తాతయ్యా, ఇక చాలు! అక్కా, ప్రకటనలు! ప్రకటనలు వెయ్యండక్కా!"

"గేటు వైపు. మధ్యగీత దాటి పదడుగులు, అంచు గీత పక్కనే. గేటు వైపు ఆడినవాడు మునిగినట్టే."

"అయ్యయ్యో!"

"మీ... మీ విలువైన మాటలకి కృతజ్ఞతలు! చిన్న విరామం తర్వాత కలుద్దాం! ...అయిపోయింది. కెమెరాలు ఆపేశారు. ఎంత పని చేశారండీ పెద్దాయనా."

"ఏం చేశా?"

"కొంప ముంచారు! అదే మాట నా చెవిలో చెప్పుంటే మిమ్మల్ని నెత్తిన పెట్టుకునేదాన్నిగా! వాడు వింటాడని చెప్పానా లేదా? చెప్పానా లేదా తాతయ్యా?"

"చెప్పావు."

"చెప్పినా దండోరా వేస్తారా? నాలుగు రోజులు, మూడు రిమోట్లు... ఆ గుంట సంగతి తెలియక నేను ఎంత ఏడ్చానో తెలుసా మీకు?"

"పెద్దాయన్ని ఏమీ అనకు తల్లీ. పాత చోటు చూసి మనసు పట్టు తప్పింది పాపం. ఉండు, వాళ్ల జట్టు కాగితం వచ్చింది... అబ్బా."

"మార్చేశాడా?"

"మార్చేశాడు."

"నాకు తెలుసు. ఏం మార్చాడు?"

"అంతా. గేటు వైపు పరిగెత్తాల్సిన ఇద్దర్నీ గడియారం వైపుకి తెచ్చాడు. ఫస్టాఫ్‌లో వాడి ఆటంతా ఇక అటే. పైగా కింద ఒక వాక్యం కూడా రాశాడు, ‘పిచ్ రిపోర్టు పెద్దాయనకి నా నమస్కారాలు’ అని."

"నమస్కారాలట! మండుతోంది నాకు."

"మర్యాదస్తుడే. అమ్మా, వాడు ఆ కాగితం మళ్లీ మార్చుకోవచ్చా?"

"లేదండీ, గడువు ఇప్పుడే అయిపోయింది. హాఫ్ టైము దాకా ఎవరూ ఏదీ కదపడానికి లేదు."

"ఆడి చూసుకుంటే?"

"అక్కడా ఆట గదికి తాళమే. నేరుగా మ్యాచ్‌లోనే కూర్చోవాలి."

"ఖచ్చితంగా?"

"ఖచ్చితంగానండీ. ఎందుకూ?"

"హాఫ్ టైము ఎంతసేపటికి వస్తుంది పిల్లా?"

"ఆరు నిమిషాలకి. ఇప్పుడవన్నీ ఎందుకు తాతయ్యా?"

"ఆరు నిమిషాల్లో ఎన్ని గోల్స్ కొట్టగలవు?"

"కొడతా నా తలకాయ!"

"తలతో తర్వాత కొడుదువుగానిలే. యాంకరమ్మా, ఈ మైకు పీకెయ్యి. పిల్లా, ఆ తలుపు వెయ్యి."

"దేనికి?"

"వెయ్యమన్నానా. గొళ్లెం కూడా పెట్టు. ఆఁ. టీ ఉంటే బాగుండేది, సర్లే. ముప్ఫై ఏళ్లూ పిచ్ రిపోర్టు అవతలివాళ్లకి టీవీలో చెప్పా, మనవాళ్లకి షెడ్డులో చెప్పా. బావి గడియారం వైపు."