మా అత్త పెట్టిన శోకం

శోకమంటే ఏందవ్వా అని అడుగుతాండావా? బడిలో దుక్కమని చెప్పినారా? సరేలే. మా కాలంలో అది మనసులో ఉండేది కాదమ్మీ, నోటితో పెట్టేది. మనిషి పోతే ఆడోళ్లు చుట్టూ కూచోని, పోయినోళ్ల మంచీ చెడూ రాగం తీసి చెప్పుకోని ఏడుస్తారు సూడు, అదీ శోకమంటే. మా అత్త, అంటే మీ తాత వాళ్లమ్మ, దాంట్లో శానా పేరున్న మనిషి. ఊర్లో ఎవరు పోయినా ఆమెనే ముందు పిలుస్తాండ్రి. నాతో మాత్రం ఒక్క మంచి మాట మాట్లాడింది లేదు.

మీ తాత యుద్ధంలో మిలటరీకి పోయినాడు కదా. నాలుగు నెలలు, కాదు కాదు, ఆరు నెలలు ఆయన కాడ నుంచి జాబు ముక్క రాలే. ఒకనాడు వాకిట్లో కొర్రలు చెరుగుతాంటి. రాయచోటి నుంచి వచ్చే తపాలాయన అత్త చేతికి కార్డు ఇచ్చి, ఆగకుండా పాయె. పాపం ఎండలో ఊరూరూ నడకే ఆయనకు. కార్డు అణా కూడా లేదులే అప్పుడు... ఏం చెప్తాంటి? ఆ, కార్డు. దాని మూల చినిగిండాది. మూల చింపిన కార్డంటే చావు కబురు, నీకు తెల్దు. గడప దాటనీకూడదు దాన్ని. అత్త దాన్ని కంప మీదికి ఇసిరేసి, కూలబడి శోకం ఎత్తుకునె.

నాకు ఏడుపే రాలే. చెవులు మాత్రం ఇంటాండాయి. ఏమంటాందనుకున్నావ్? "నేనెన్ని మాటలన్నా ఎదురు చెప్పని బంగారాన్ని నా చేతిలో పెట్టి పోతివి కదరా కొడకా, దాని మొగం నేనెట్ల చూద్దురా!" నన్నమ్మీ! నన్ను బంగారమనె!

అంతలో ఆ ఏడుపు ఇని తపాలాయన ఎగపోసుకుంటా ఎనక్కి ఉరికొచ్చె. "ఏడవొద్దమ్మా! నేను సంచి కింద పెట్టి నీళ్లు తాగుతాంటే మేకపిల్ల కొరికింది అది!" కంప మీది కార్డు తీసి ఆయనే చదివె. కాలికి దెబ్బ తగిలిందంట, మానిందంట, సెలవు మీద వస్తాడంట. అప్పుడొచ్చె నాకు ఏడుపు.

అత్త రాగం మధ్యలోనే ఆపి, మొగం తుడుచుకోని, "ఏందట్ల చూస్తాండావు? కొర్రలు కోళ్లు తింటాండాయి పో" అనె. అంతే. మళ్లా బంగారమనే మాట చచ్చేదాకా అనలే. ఆమె పోయినప్పుడు నేను పెట్టినా శోకం. ఆ మాట ఆమెకే తిరిగి చెప్పుకున్నా.

నువ్వు దుక్కమనే రాసుకో, మార్కులు రావల్ల కదా. సల్లగుండు తల్లీ. మీ ఇంటికి వచ్చే శోకమంతా మేకపిల్ల కొరికిందే కావల్ల.