ఐదో స్టెప్పు

క్లినిక్ వెనకగదిలో పేషెంట్ల వరస కట్టే కొత్త ప్రోగ్రాం సరిచూసుకుంటున్న మరదలి కీబోర్డు మీద, బావ లాయరు నోటీసు పడేశాడు.

“ఈ పద్ధతికి పేటెంటు నాది. ఆపెయ్.”

“మొదట్లో రాసింది నేను బావా. ఈనగాచి నక్కల పాలు చేశాను.”

“పేటెంటు తీసుకుంది నేను. ఆ భద్రత లేకపోతే కొత్తది ఎవడు కనిపెడతాడు?”

“కనిపెట్టినదాన్నే ఆపమంటున్నావుగా!”

“పేటెంటులో రాసిన ఆరు స్టెప్పులూ ఉన్నాయంటే అది నా సొత్తే. లాయరు చెప్పాడు.”

“ఐదోది ఏం చేస్తుందో చెప్పాడా? కట్టిన వరసనే మళ్ళీ మొదట్నుంచి కడుతుంది. అది అప్పట్లో నేను చేసిన పొరపాటు. నువ్వు కళ్ళకద్దుకుని పేటెంటులో ఎక్కించావు.”

“అయితే?”

ఆమె నోటీసు మడిచి అతని జేబులో పెట్టింది.

“ఈ కొత్త ప్రోగ్రాంలో అది తీసేశాను, స్టెప్పులు ఐదే. నా తప్పు మాత్రం నీ సొత్తు, భద్రంగా దాచుకో.”