మూడూ యాభై బండి

ఆగాగు అమ్మాయ్, కాస్త వెనక్కి తిప్పు. ఆ సినిమాలో తిండి డబ్బా దొర్లే చోటికి. ఆఁ, అక్కడే. చూశావా, మూత ఊడి యాపిల్ బయటికొచ్చి పట్టా పక్కన ఎంత బుద్ధిగా ఆగిందో? అలా ఆగడానికి పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది తెలుసా. మా బ్రూనో అని ఒక కుక్క ఉండేది. కెమెరా తిరగడం మొదలెట్టగానే ఎక్కణ్ణుంచో ఊడిపడి డబ్బాలో రొట్టె ముక్క లాక్కుపోయేది. ఒమాహా నుంచి వచ్చిన కెమెరా ఆయన నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. 'ఎవరిదమ్మా ఈ కుక్క? కట్టెయ్యండి! పిల్ల చచ్చిపోయిన చోట కుక్క తోకాడిస్తుంటే చూసేవాళ్లు ఏడుస్తారా, నవ్వుతారా?' అని. ఏవిటీ? ఆ పిల్లెవరా? లైబ్రరీలో ఉద్యోగం నీది, పైగా ఇంత లావు కళ్లజోడు, ఈ ముక్కు చూసి పోల్చుకోలేకపోయావూ? నేనేనే. ఆ రైలు కింద పడిపోయిన పిల్లని నేనే. నేను పోయి డెబ్భై ఏళ్లయింది, ఇందాక నీకు కాఫీ కలిపిచ్చాను. తాగు, చల్లారిపోతుంది. అందులో చక్కెర వెయ్యలేదు, నీ ఇష్టం నాకు తెలీదు కదా.

సరే, నువ్వడిగింది ఆయన గురించి. చివర్లో టోపీ చేత్తో పట్టుకుని మాట్లాడతాడే, లుండ్‌బర్గ్ గారు, ఆర్విడ్ లుండ్‌బర్గ్. రైలు కంపెనీ తరఫున బడులన్నీ తిరిగి పిల్లలకి జాగ్రత్తలు చెప్పేవాడు. కారు వెనక సీట్లో ప్రొజెక్టరూ, చుట్టేసిన తెరా, ఈ సినిమా డబ్బా. అదీ ఆయన సంసారం. పెళ్లాం లేదు. ఉండేదేమో, మాకు తెలీదు. అంతకు ముందు ఇరవై రెండేళ్లు ఇంజను నడిపాడాయన. మా వాడెల్ జంక్షన్‌లో ఇంజను డ్రైవరంటే ఏవిటనుకున్నావు? మంగలి షాపులోకి వస్తే కూచున్నవాడు సగం గడ్డంతో లేచి కుర్చీ ఇచ్చేవాడు. అలాంటి పని వదులుకుని బళ్లో పంతులమ్మల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డమేవిటీ? చూపు తగ్గితే దించేశారని కొందరు, తాగుడని కొందరు. మా నాన్న పట్టాలు బాగుచేసే గ్యాంగులో మనిషి కదా, ఆయనకి సంగతి తెలుసు. తెలిసీ చెప్పలేదు. 'ఆయన జోలికెళ్లకండి' అనేవాడంతే. ఇంకో విచిత్రం ఉంది, ఇది గుర్తుపెట్టుకో, మళ్లీ చెప్తా. లుండ్‌బర్గ్ గారు ఎవరికీ చెయ్యి ఊపేవాడు కాదు. రైళ్ల ఊళ్లో పుట్టిన పిల్లలం, కదిలేదేది కనపడ్డా చెయ్యూపుతాం. ఆయన కారుకీ ఊపేవాళ్లం. ఆయన చిన్నగా తల పంకించి వెళ్లిపోయేవాడు. పొగరనుకునేవాళ్లం.

సినిమాకి ఒక ఆడపిల్ల కావాలన్నారు. ఊళ్లో అమ్మలందరూ కూతుళ్లకి రాత్రంతా జుట్టుకి రింగులు చుట్టి తీసుకొచ్చారు. మా అమ్మ నన్ను అంట్ల దగ్గర్నుంచి లేపి పంపింది, మోచేతి దాకా సబ్బు నురగ. లుండ్‌బర్గ్ గారు అందర్నీ వరసగా చూసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగాడు. 'నువ్వు బడి నుంచి ఇంటికి నడుస్తావా, పరిగెడతావా?' అన్నాడు. 'పరిగెడతానండీ' అన్నాను. 'ఈ పిల్ల చాలు' అన్నాడు. కథ నువ్వు చూశావుగా. పిల్ల పట్టాల దగ్గర బుద్ధిగా ఆగుతుంది, గూడ్సు బండి వెళ్లేదాకా నిలబడుతుంది, ఆఖరి పెట్టెలో ఉన్నాయనకి చెయ్యూపుతుంది, అదిగో, అదే నేను, ఆ పళ్లు చూడు. ఆఖరి పెట్టె దాటగానే పరుగు. రెండో పట్టా మీద ఇంకో బండి వస్తోందని చూసుకోదు. తర్వాత డబ్బా, యాపిలు. ఆ మీదట ఆయన వచ్చి 'పట్టా ఖాళీగా ఉందనే అనిపిస్తుంది పిల్లలూ. గడియారాన్ని నమ్మకండి, మీ కళ్లని నమ్మండి' అంటాడు. గడియారం ఎందుకొచ్చిందా అని నాకప్పుడు తోచలేదు.

మా బళ్లో సినిమా వేస్తే ఒక్కరూ ఏడవలేదు. ఏడిస్తే ఒట్టు. నా వెనక బెంచీలో హెర్షెల్ అని ఒక కోతి, 'వెర్నా పోయింది, దాని అట్లు నాకే' అని అరిచాడు, బడి బడంతా ఇకఇకలు. పక్క ఊళ్లల్లో వేస్తే మాత్రం, అమ్మో, ఉత్తరాలు రావడం మొదలైంది. కట్టలు కట్టలు. 'పోయిన అమ్మాయి వాళ్లమ్మ గారికి' అని పెన్సిలుతో రాసి. ఒక పిల్ల తన జడ రిబ్బను పంపింది, శవప్పెట్టెలో నాకు కట్టమని. మా అమ్మ ఆ రిబ్బను పట్టుకుని లుండ్‌బర్గ్ గారి మీద విరుచుకుపడింది. 'నిక్షేపంలా తిని తిరుగుతున్న పిల్లకి రిబ్బన్లంపుతున్నారయ్యా! నాకు ఒళ్లు జలదరిస్తోంది. దీన్ని కూడా తీసుకుపో, బతికే ఉందని చూపించి రా!' అంది. ఆయన కాదనలేదు. ఆ మాట కోసమే కాచుకున్నట్టున్నాడు, మొహం ఇంతయింది.

అలా నేను ఆయన కారెక్కాను. శుక్రవారం శుక్రవారం ఒక ఊరు. సినిమా ఐపోతుంది, దీపాలు వెలుగుతాయి, పిల్లలు ముక్కులు ఎగబీలుస్తుంటారు. ఆయన 'వెర్నా, ఇలా రామ్మా' అంటాడు. తెర వెనక నుంచి అదే డబ్బా పట్టుకుని నేను బయటికొస్తాను. ఏం కేకలు, ఏం చప్పట్లు! చిన్నపిల్లలు వచ్చి నా చెయ్యి ముట్టుకుని చూసేవాళ్లు. నాకు తొమ్మిదేళ్లు, నేల మీద కాళ్లు నిలుస్తాయా చెప్పు. ఒకటి మాత్రం కనిపెట్టాను. అప్పుడాయన పిల్లల వంక చూసేవాడు కాదు. నన్నే చూసేవాడు. ప్రతి శుక్రవారం, తెర వెనక నన్ను కూచోబెట్టింది తనే ఐనా, నేను బయటికి రాగానే ఒక్క పెద్ద ఊపిరి వదిలేవాడు.

ఆ సంబడం ఆరు వారాలు. ఏడో వారం ఏదో ఊళ్లో, పేరు మర్చిపోయాను, గోధుమ గోదాముల పక్కన బడి, ముందు పళ్లు ఊడిన గుంటడొకడు లేచి నిలబడి 'ఓస్, ఐతే ఏమీ కాలేదన్నమాట!' అన్నాడు. అంతే అమ్మాయ్. అందరూ హాయిగా నవ్వేశారు. లుండ్‌బర్గ్ గారు ప్రొజెక్టరు తీగ చుట్టుకుంటున్నాడు. చుట్టడం ఆపేశాడు. ఆ మొహం నేను మర్చిపోలేను.

తిరిగొచ్చేటప్పుడు కారు రోడ్డు పక్కన ఆపాడు. చుట్టూ కోసేసి దుబ్బులు మిగిలిన జొన్న చేలు, ఎవరూ లేరు. ఎదురుగా చూస్తూ చెప్పాడు. బ్రెన్నర్ సైడింగని ఒక చిన్న స్టేషను, అక్కడ స్టేషను మాస్టరు కూతురు ఎల్సీ అని ఉండేదిట. నీ ఈడేనమ్మా అన్నాడు. ఈయన బండి మూడూ యాభైకి అక్కడ దాటుతుంది. బడి వదిలి ఎల్సీ సరిగ్గా అప్పటికి పట్టాల దగ్గరికొచ్చి చెయ్యూపేది, ఈయనా ఊపేవాడు. మూడేళ్లు, ఒక్కరోజు తప్పకుండా. స్టేషను మాస్టరు పిల్లకి బళ్ల వేళలు తెలియకపోవడమేవిటి, ఎక్కాలకంటే ముందు నేర్చుకుంటారు. నేనూ అంతే. పొలాల్లో పుట్టిన పిల్లైతే పట్టా దగ్గర అటూ ఇటూ చూస్తుంది. మేం చూడం, మాకు తెలుసు కదా! ఒకరోజు ఈయన బండిలో ఒక పెట్టె ఇరుసు వేడెక్కి పొగొచ్చింది. ఆపి, చల్లార్చుకుని బయల్దేరేసరికి నలభై నిమిషాలు. అక్కడ ఎల్సీని ఏదో పాట నేర్పడానికి పంతులమ్మ ఆలస్యంగా వదిలింది. 'ఇవాళ లుండ్‌బర్గ్ గారి బండి తప్పిపోయింది, ఎప్పుడో వెళ్లిపోయుంటుంది' అని తమ్ముడితో గునుస్తూ నడిచిందిట. గూడ్సు పోయేదాకా ఆగింది. అవతలి పట్టా మీద అప్పుడు రావాల్సిన బండేదీ లేదు. తలెత్తి చూడలేదు, ఈయన బండి వస్తోంది. ఇదంతా చెప్పి ఆయన 'నేను వేళకి వచ్చుంటే చెయ్యూపేదమ్మా' అన్నాడు. అదొక్కటే, రెండుసార్లన్నాడు.

తర్వాత 'ఇక నువ్వు తెర ముందుకి రావద్దు వెర్నా' అన్నాడు. నేనూరుకున్నానా? భోరుమన్నాను. ఎల్సీ కోసమనుకునేవు, కాదు, చప్పట్లు పోతున్నాయని. సిగ్గులేదు చూడు నాకు. 'వాళ్లంతా నేను చచ్చిపోయాననుకుంటారు!' అన్నాను. 'అనుకోనీ తల్లీ. ఏడ్చినవాడు ఇంటికెళ్లేటప్పుడు రెండువైపులా చూసుకుంటాడు' అన్నాడు. ఆ రోజు నుంచీ చుట్టుపక్కల నలభై ఊళ్లకి నేను లేను. పెద్దయ్యాక సంతల్లో నన్ను చూసి జడుసుకున్నవాళ్లున్నారు, నీకు నవ్వుగా ఉంది కానీ.

ఐతే ఆయన మాత్రం ఆగలేదు. ఏ ఊళ్లో సినిమా వేసినా, దారి కాకపోయినా, చుట్టు తిరిగి మా వీధిలోకొచ్చి ఇంటి ముందు కారు ఆపేవాడు. 'ఏమే, నీ లుండ్‌బర్గ్ వచ్చాడు, ఒకసారి కనపడిరా' అనేది మా అమ్మ. వరండాలోకెళ్లి నిలబడేదాన్ని. చూసేవాడు. తల పంకించేవాడు. వెళ్లిపోయేవాడు. ఏడేళ్లు అమ్మాయ్. మంచులోనూ, ఎండలోనూ. నాకు పదహారొచ్చాయి. ఓ రోజు వరండాలో రాయ్‌తో కూచున్నాను. అదే, మా ఆయన, అప్పటికింకా కాలేదులే, వెంటపడుతుండేవాడు. కారొచ్చి ఆగింది. 'ఎవరే ఆ ముసలాడు?' అన్నాడు రాయ్. నాకెక్కడలేని నామోషీ వచ్చింది. మెట్లు దిగి వెళ్లి, 'బతికే ఉన్నాను లుండ్‌బర్గ్ గారూ. ఇంక మీరు రానక్కర్లేదు' అన్నాను. ఆయన కాసేపు స్టీరింగు మీద చేతులు చూసుకున్నాడు. 'అవునమ్మా, పెద్దదానివయ్యావు' అన్నాడు. మళ్లీ రాలేదు. ఒక్కసారి కూడా రాలేదు.

నేనూ పట్టించుకోలేదు. పెళ్లి, పిల్ల, ఇల్లు, ఎవరిక్కావాలి ఆయన గొడవ? మా లీటాకి తొమ్మిదేళ్లప్పుడు ఒకరోజు బడి నుంచి ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. బడికి అటువైపే పట్టాలు. ఒక బండి కూత వినపడింది, ఇది రాలేదు. వరండాలో అటూ ఇటూ తిరిగాను. ఏం లేదు, పిల్లిపిల్లని చూస్తూ కూచుందిట. దాన్ని చూడగానే ఒక్క పెద్ద ఊపిరి వదిలాను. ఆ ఊపిరి నాకు తెలుసు. ఎక్కడో విన్నాను. వంటింట్లోకెళ్లి కుర్చీలో కూలబడి ఏడ్చాను, వారానికొకసారి ఆయన ఇదే కదా పడింది, నేను పొమ్మన్నానే అని.

కనుక్కుంటే ఒమాహాలో వృద్ధాశ్రమంలో ఉన్నాడన్నారు. రూబార్బ్ పై, అదే ఆ పుల్లటి కాడలు పెట్టి కాల్చే తీపి రొట్టె, చేసి పట్టుకెళ్లాను. క్షమించమని అడుగుదామని దారంతా మాటలు కూడబలుక్కున్నాను. నర్సు గుమ్మం దగ్గరే చెప్పేసింది, 'ఎవర్నీ పోల్చుకోడమ్మా, పొద్దస్తమానం టైమెంతైందీ అంటాడు. చెప్తాం. మళ్లీ అడుగుతాడు. ఏం చెప్తే నచ్చుతుందో మాకు తెలీదు' అని. కిటికీ దగ్గర కూచోబెట్టారు. మనిషి సగమైపోయాడు. బయట కార్లు ఆపే స్థలం, అంతే. నా అడుగుల చప్పుడు విని తల తిప్పాడు. 'టైమెంతైంది?' అన్నాడు.

గోడ మీద గడియారం పదకొండు చూపిస్తోంది. 'మూడూ యాభై అయిందండీ' అన్నాను. ఎందుకన్నానో, నోటికదే వచ్చింది. అని, ఇదిగో ఇలా, ఈ సినిమాలోలాగే, గుమ్మంలో నిలబడి చెయ్యూపాను. ఆయన నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు. ఒళ్లోంచి ఆ చెయ్యి మెల్లిగా, ఎంత బరువుందో పాపం, భుజం దాకా లేచింది. ఊపాడు. 'వేళకే వచ్చానా?' అన్నాడు. 'వేళకే వచ్చారు లుండ్‌బర్గ్ గారూ' అన్నాను. క్షమాపణ అడగలేదు. అడగాల్సింది వెర్నా, ఆ గదిలో వెర్నాతో ఆయనకి పని లేదు. వారం తిరక్కుండా పోయాడు. ఆ వారమంతా టైము అడగలేదని నర్సు చెప్పింది...

ఊఁ. ఇంక మూసెయ్ ఆ కంప్యూటరు. ఆ రూబార్బ్ పై ఇంకో ముక్క తింటావా, వద్దా? కాగితంలో చుట్టిస్తా, పట్టుకెళ్లు. మీ ఇల్లు పట్టాలకి అవతలే కదూ? నవ్వకు. ఒక బండి పోగానే బయల్దేరకు, రెండోవైపు చూసుకో. ఇంటికెళ్లగానే ఫోను చెయ్యి. చెయ్యడం మర్చిపోతావు నువ్వు, నాకు తెలుసు. నంబరు రాసిస్తానుండు, ఆ పెన్సిలిలా ఇయ్యి.